నీరును గాలియు కలియు చోటు
కొల్లేటి ప్రాంతపు ఇల్లు, బండి, దోనెల సంరక్షణము

కొల్లేటి చుట్టుపట్ల కాపురముండు రైతునకు మూడు ఆధారములు కలవు. తల దాచుకొనుటకు ఇల్లు, పంటను చేపను బజారునకు చేర్చుటకు బండి, నీటిపై కాళ్ళవలె నుపయోగపడుటకు దోనె. ఎరువునకును, విత్తనమునకును, కూలికిని లెక్క వ్రాసికొను రైతు ఈ మూటికి ఏటేట కలుగు నష్టమును మాత్రము లెక్కలో చూపడు. ఏలయనగా అది ఒక్క దినమున కలుగు నష్టము కాదు. నిట్రాడ మొదలు ఏడెనిమిది సంవత్సరములు లోలోపల కుళ్ళి, ఒక గాలివాన రాత్రి విరుగును. అప్పుడు మనము గాలివానను నిందింతుము. నిజమునకు గాలివాన చేసినది తుదిపని మాత్రమే.

ఈ మూడు వస్తువులును వేఱువేఱు పనివాండ్ర చేతిలో తయారగును గాని, చెడుట మాత్రము ఒకే విధముగ చెడును. ఆ విధమును తెలిసికొన్న రైతు తన చేతులతోనే సగము మరమ్మతును చేసికొనగలడు. తక్కిన సగమునకు పనివానిని సకాలమున పిలువగలడు.

చెడుట ఎక్కడ మొదలగును?

కఱ్ఱ దానంతట అది కుళ్ళదు. కంటికి కనబడని బూజుజాతి జీవులు దానిని తినుటయే కుళ్ళుట. వానికి కఱ్ఱయు, తేమయు, గాలియు మూడును కావలెను. కఱ్ఱలోని తేమ దాని పొడిబరువులో నూటికి 20 పాళ్ళకు లోపుగ నున్నచో అవి పెరుగజాలవు. అటులనే నీట పూర్తిగ మునిగియున్న కఱ్ఱకు గాలి చాలదు గనుక అక్కడను పెరుగజాలవు. పాత బావుల అడుగున వేసిన కఱ్ఱ చట్రములు తరములు గడచినను గట్టిగ నుండుటకు ఇదియే కారణము. ఇంటి నడుమ ఎండి యున్న దూలము నిలుచును, బావి అడుగున మునిగి యున్న చట్రము నిలుచును. కాని ఒకనాడు తడిసి ఒకనాడు ఆరు నేలమట్టపు గుంజ నిలువదు.

ఇనుముదియు ఇదే కథ. త్రుప్పునకు నీరును గాలియు రెండును కావలెను. వానికి ఉప్పు తోడైనచో త్రుప్పు మఱింత వేగముగ పట్టును. కావున ఏ వస్తువును పరీక్షించునపుడైనను మొదట వేసికొనవలసిన ప్రశ్న ఒక్కటే: దీనియందు నీరును గాలియు కలియు చోటు ఏది? ఆ జానెడు మేరను కాపాడినచో తక్కినది దానంతట అదియే నిలుచును.

మన ప్రాంతమే అట్టి చోటు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లమున నున్న కొల్లేటిలోనికి బుడమేఱు, తమ్మిలేఱు, రామిలేఱు మొదలగు ఏరులును, ఊళ్ళ మురుగు కాలువలును వచ్చి పడును. ఈ నీరంతయు ఉప్పుటేఱు గుండ సముద్రమునకు పోవలెను. వానకాలమున నీరు పెరిగి లంక గ్రామముల వాకిళ్ళను తాకును. వేసవిలో సరస్సు సన్నగిల్లినపుడు సముద్రపు పోటు ఉప్పుటేటివెంట ఎగదన్ని నీటికి ఉప్పదనము తెచ్చును. ఎగువనున్న తాడేపల్లిగూడెపు మెట్టలో పది సంవత్సరములు నిలుచు గుంజ కొల్లేటి గట్టున అంతకాలము నిలువకుండుటలో వింత లేదు.

తాటిదోనె

1999వ సంవత్సరమున ప్రభుత్వమువారు కొల్లేటిలో 5వ కాంటూరు వరకు గల సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును పక్షుల అభయారణ్యముగ ప్రకటించిరి. 2002లో ఈ సరస్సు రామ్‌సార్ ఒడంబడిక జాబితాలో చేరినది. 2006లో అభయారణ్యమునందలి చేపలచెఱువుల గట్లను తెగగొట్టించిరి. ఆ హద్దులోపల చెఱువుల పెంపకమునకు అనుమతి లేదు. పూర్వపద్ధతిని వలవేసి చేపలు పట్టికొనుటకు మాత్రము వీలున్నది. కావున దోనె నేటికిని పాతకాలపు వస్తువు కాలేదు.

తాడిచెట్టు టేకువంటిది కాదు. దానికి ఏటేట ఏర్పడు వలయములు లేవు. కఱ్ఱలోని గట్టి నారయంతయు అంచున నుండును. నడుమ మెత్తని దవ్వ యుండును. దవ్వను తొలచి వేయగా మిగిలిన పెంకే దోనె. మొదలు వైపు లావుగ నుండి సహజముగనే మూసికొని యుండును. కొనవైపు తెఱచియున్న చోటును బంకమట్టితో గాని చెక్కతో గాని మూయుదురు. రెండు దోనెలను జతగా కట్టిన సంగడి ఒంటిదోనెకంటె నిలుకడ గలది. పిల్లలును ముసలివారును ఎక్కవలసినచోట సంగడియే మేలు.

ఈ నిర్మాణమును తెలిసికొన్నచో సంరక్షణము సులభము. మొదటిది, లోపల దవ్వ యేమాత్రమును మిగులకుండ గీకివేయవలెను. దవ్వ దూదివలె నీటిని పట్టియుంచును. కుళ్ళు అక్కడనే పుట్టి పెంకులోనికి ప్రాకును. రెండవది, పెంకును బాడిసతో మితిమీరి చెక్కరాదు. బలమంతయు వెలుపలి నారయందే కలదు. నున్నదనమునకై ఒక అంగుళము చెక్కినచో దోనె ఆయుస్సును చెక్కివేసినట్లే. మూడవది, వాడని దినములలో దోనెను సగము నీటిలోను సగము గట్టుపైనను విడువరాదు. ఇది మనలో మిక్కిలి సాధారణమైన దురభ్యాసము. అట్టి దోనెకు నీటిగీత వెంబడి వ్రేలెడు వెడల్పున నల్లని చార యేర్పడును. దబ్బనముతో గ్రుచ్చి చూచినచో అక్కడ కఱ్ఱ దిగబడును.

వాడని దోనెకు రెండే తగిన చోట్లు. ఒకటి, రాళ్ళు వేసి పూర్తిగ నీట ముంచుట. రెండవది, గట్టుపై నీడలో, రెండు దుంగలమీద, బోరగిల త్రిప్పి, క్రిందుగ గాలి ఆడునట్లు పెట్టుట. రోహిణి కార్తె ఎండలో నేరుగ ఉంచినచో నారవెంబడి నెఱ్ఱెలు వారును. కావున పైన తాటాకు గాని గడ్డి గాని కప్పవలెను. వాడుకలోనున్న దోనెలోని వాననీటిని ఏ దినమున కాదినము తోడివేయవలెను. వెలుపలి నీటికంటె లోపల నిలిచిన నీరే దోనెను త్వరగ చంపును.

తాడి మెల్లగ పెరుగు చెట్టు. దోనెకు తగిన గట్టిదనము వచ్చుటకు పలు దశాబ్దములు పట్టును. తండ్రి తన దోనెకు నఱికిన తాటికి బదులు నాటిన టెంక కొడుకు చేతికి దోనె కాజాలదు, మనుమనికి కావచ్చును. దోనెను నాలుగేండ్లు ఎక్కువ నిలుపుట ఒక చెట్టును నిలుపుటతో సమానము.

పలకల పడవ, ఇనుప పడవ, ఫైబరు పడవ

పలకల పడవకు ప్రమాదస్థానములు రెండు: పలకల సందులు, మేకుల చుట్టు. సందులలో నారను కూరి గుగ్గిలమును నూనెయు కాచిన జిగురును పట్టించుట పూర్వపు పద్ధతి; అది నేటికిని మంచిదే. కాని పాత నారను పూర్తిగ పెఱికివేయక దానిపై క్రొత్తనార కూరినచో తడి లోపలనే చిక్కుకొనును. ఇనుపమేకు త్రుప్పుపట్టినచో చుట్టునున్న కఱ్ఱయు నల్లబడి మెత్తబడును. అట్టి మేకును మఱల బిగగొట్టుటవలన లాభము లేదు. దానిని ఊడబెఱికి, రంధ్రమును గట్టికఱ్ఱ చీలతో మూసి, ప్రక్కన జింకుపూత గల క్రొత్తమేకును దింపవలెను.

పడవ అడుగునకు తారు పూయువారు రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. తడికఱ్ఱపై తారు పూయుట తడిని లోపల బంధించుటయే గాని కాపాడుట కాదు. కనీసము పదునైదు దినములు నీడలో ఆరిన పిదపనే, తారును వేడిచేసి రెండు పూతలు వేయవలెను. జీడిగింజల పైపెంకునుండి తీసిన నూనె కూడ కఱ్ఱకు మంచి రక్షణ; పలాస మొదలగు జీడిపరిశ్రమల చోట్ల అది లభించును. అయితే అది చర్మమును బొబ్బలెక్కించును గనుక చేతులకు తొడుగులు లేక ముట్టరాదు. ట్రాక్టరునుండి తీసిన పాత ఇంజను నూనెను పడవకు పూయుట కొందఱి అలవాటు. అది కఱ్ఱకు చేయు మేలు స్వల్పము. నీటిపై తేలి చేపకును పక్షికిని చేయు కీడు అధికము. మనము అమ్ముకొను చేపయు ఆ సరస్సులోనిదే.

చేపలచెఱువులలో మేతవేయుటకు వాడు ఇనుప రేకు పడవలకు నీటిగీత యొద్దనే రేకు పలుచనగును. సుత్తితో మెల్లగ తట్టిచూచినచో గట్టిరేకు ఖంగుమని మ్రోగును, తినిపోయిన రేకు చప్పబడి పలుకును. త్రుప్పును తీగెకుంచెతో మెఱుగువచ్చువఱకు గీకి, అదేదినము పూతవేయవలెను. ఒక రాత్రి మంచు పడినచో చేసిన పని వ్యర్థము. ఫైబరు పడవ కుళ్ళదు, త్రుప్పుపట్టదు. కాని రాతికి తగిలి చిట్లినచో ఆ చీలికలోనుండి నీరు పొరల నడుమకు చేరును. చీలికను గరుకుకాగితముతో వెడల్పు చేసి, బాగుగ ఆరబెట్టి, గాజునార పట్టీని రెసినుతో అతికింపవలెను. ఆరకముందు అతికించిన పట్టీ నెలలోపల ఊడును.

వల సంగతి ఒక్కమాట. పూర్వము నూలువలలు కుళ్ళకుండ తుమ్మచెక్క కషాయములో ముంచెడివారు. నేటి నైలాను వలకు కుళ్ళు భయము లేదు. దానికి శత్రువు ఎండ. ఆరిన వలను దండెముపైననే వదలివేయువాడు దానిని రోజుకు కొంచెము చొప్పున కాల్చుకొనుచున్నాడు. కడిగి, నీడలో ఆరవేసి, ఎలుకలకు అందకుండ వ్రేలాడదీయవలెను.

బండి, ట్రాక్టరు ట్రక్కు

ఎడ్లబండి గలవారికి వేసవిలో చక్రపు పట్టా వదులగుట అనుభవమే. పూటీలు ఎండి కుదించుకొనుటచే ఇటులగును. చక్రమును చెఱువులో నానవేసినచో కఱ్ఱ ఉబ్బి పట్టా బిగియును. ఇది ఒకనాటి ప్రయాణమునకు సరిపోవు ఉపాయము మాత్రమే. ఏటేట నానవేసి ఎండవేసినచో పట్టాక్రింది పూటీయే కుళ్ళును. కమ్మరిచే పట్టాను కత్తిరించి కాచి మఱల ఎక్కించుటయే సరియైన చికిత్స. ఇరుసునకు క్రొత్త కందెన పెట్టునపుడు పాతదానిని ఇసుకతోసహా తుడిచివేయవలెను. ఇసుక కలిసిన కందెన ఆకురాయివలె ఇరుసును అరగదీయును.

నేడు పడవలును, వలలును, చేపల పెట్టెలును ఎక్కువగ ట్రాక్టరు ట్రక్కులమీద సాగుచున్నవి. ఏలూరునుండి కైకలూరు త్రోవలో గాని, నిడమఱ్ఱు, ఆకివీడు గట్లమీద గాని చూచినచో ఈ సంగతి తెలియును. రేవుకు వెళ్ళు ట్రక్కునకు వరిగడ్డి మోయు ట్రక్కునకు లేని ఆపద యొకటి కలదు. పదిమైళ్ళు పరుగెత్తిన చక్రపు హబ్బు వేడెక్కి యుండును. దానిలోని గాలి వ్యాకోచించి యుండును. పడవను దింపుటకై ట్రక్కును వెనుకకు నడిపి ఇరుసు మునుగువఱకు నీటిలోనికి దించినచో, ఆ గాలి ఒక్కసారి చల్లబడి కుదించుకొనును. ఖాళీయైన చోటునకు సీలు అంచునుండి నీరు పీల్చుకొనబడును. గ్రీజు నీటితో కలిసి మజ్జిగవలె తెల్లబడును. బేరింగు గుండ్లు త్రుప్పుపట్టును. ఇవి యేవియు ఆనాడు కనబడవు. రెండు నెలల పిమ్మట, బరువుతో పోవుచుండగా, నడిరోడ్డుమీద చక్రము పట్టివేయును, లేదా ఊడిపోవును.

దీనికి నివారణము కష్టమైనది కాదు. రేవు చేరిన పిదప అరగంట యాగి హబ్బు చల్లారిన తరువాత దిగవలెను. ఇరుసు మునుగునంత లోతునకు ట్రక్కును దింపక, దుంగలమీద పడవను దొర్లించి దింపవలెను. ఏటవాలున ట్రక్కు జాఱకుండ చక్రములకు రాళ్ళు అడ్డుపెట్టుట మఱువరాదు. తప్పక నీట దింపవలసి వచ్చినవారు సీజను ముగియగనే హబ్బును విప్పి, పాత గ్రీజునంతయు కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, బేరింగు గుండ్ల నడుమకు అఱచేతితో క్రొత్త గ్రీజును నొక్కి, క్రొత్త సీలు వేయవలెను. పాత సీలును మఱల వాడి పదిరూపాయలు మిగిల్చినవాడు బేరింగునకు దాని కెన్నో రెట్లు చెల్లించును.

దారిలో పరీక్ష సులభము. కొంతదూరము పోయి ఆగినపుడు ప్రతి హబ్బును చేతితో తాకిచూడుడు. గోరువెచ్చగ నున్నచో మేలు. ఒక హబ్బు తక్కినవానికంటె మిక్కిలి వేడిగ నుండి చేయి నిలువనిచో ముందునకు సాగరాదు. ఇంటియొద్ద జాకీతో చక్రము నెత్తి అటునిటు ఊపినచో ఆడుచున్నదా, త్రిప్పినచో గరగరమనుచున్నదా యను సంగతి తెలియును.

పడవ నెక్కించునపుడు గడ్డి కూరిన గోనెసంచులను దాని అడ్డపట్టీల క్రిందనే పెట్టవలెను. రెండు పట్టీల నడుమ ఆనించినచో అడుగు సొట్టపడును. రెండు చక్రముల ట్రక్కునకు మొత్తము బరువులో సుమారు పదవవంతు ముందున కొక్కెముపై పడునట్లు సర్దవలెను. బరువు వెనుకకు మొగ్గినచో ట్రక్కు పామువలె ఊగును. కొక్కెమునకు చీలతోపాటు గొలుసు కూడ తగిలింపవలెను. వెలుపలికి పొడుచుకొనివచ్చిన పడవ కొనకు పగలు ఎఱ్ఱగుడ్డ, రాత్రి దీపము కట్టవలెను. దీపము లేని ట్రక్కును చీకటిలో వెనుకనుండి గ్రుద్దుకొని మరణించినవారి వార్త వినని గ్రామము మనలో అరుదు. వెనుక అతికించు మెఱుపు పట్టీ ఖరీదు ఒక పూట కాఫీ ఖర్చునకు మించదు.

ఇల్లు

"ఇల్లు కట్టి చూడు" మన్నారు పెద్దలు. కట్టిన పిదప చూచుచుండుమని చెప్పుటయు నంతే అవసరము. తాటాకింటి నిట్రాడను నేలలో పాతుటకంటె రాతిదిమ్మపై నిలిపి ఇనుపపట్టీతో బంధించుట మేలు. పాతక తప్పనిచో నేలమట్టమునకు జానెడు క్రిందినుండి జానెడు పైవఱకు తారు పట్టించి, చుట్టు మట్టిని ఏటవాలుగ తీర్చి, నీరు నిలువకుండ చేయవలెను. కఱ్ఱమొదటిని చుట్టి సిమెంటు పోసి కప్పులవలె చేయుట కొందఱి పద్ధతి. ఆ కప్పులో నీరు నిలిచి నిట్రాడను తినివేయును. చూరు నీరు గోడ మొదట పడక మూరెడు దూరమున పడునట్లు చూరును పొడిగింపవలెను.

మట్టిగోడలకును, పాత ఇటుకగోడలకును మోకాలి యెత్తున ఉప్పు పూత కనబడినచో, నేలతేమ పైకెక్కి అక్కడ ఆరుచున్నదని అర్థము. దానిపై సిమెంటు పూసినచో తేమ మఱింత పైకెక్కును. సున్నపు పూతయైనచో తేమను విడిచి ఆరనిచ్చును. డాబాయింటివారు తమకీ బాధ లేదని తలపరాదు. కప్పులో సన్నని పగులుద్వారా నీరు దిగి ఇనుపకడ్డీని చేరినచో, త్రుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక కాంక్రీటును లోపలనుండి చీల్చును. పెచ్చులూడిన తరువాత పైపూత పూయుట పుండుమీద గుడ్డ కప్పుటయే. ఉప్పునీటితో గాని, సముద్రపు ఇసుకతో గాని కాంక్రీటు కలుపుట ఆ పుండును పుట్టుకనుండియే పెట్టుట.

ఎప్పుడు చేయవలెను?

మరమ్మతుకు తగిన కాలము మాఘ ఫాల్గుణములు. సంక్రాంతికి పంట యింటికి వచ్చియుండును, చేతిలో కొంత సొమ్ము ఆడును. గాలి పొడిగ నుండును, ఎండ తీవ్రము కాదు. పడవ ఆరవేయుట, తారు, హబ్బు విప్పుట ఇప్పుడే కావలెను. రోహిణి కార్తెలో కప్పును, చూరును, మురుగుకాలువను చూచికొనవలెను. మృగశిర ప్రవేశించిన పిదప ఎండిన పడవను ఒక్కసారిగ బరువెక్కించి తోయక, రెండు దినములు ఒడ్డున నీటిలో ఉంచి పలకలు ఉబ్బనీయవలెను. మఖ, పుబ్బలలో వరదకై త్రాళ్ళును గడలును సిద్ధముగ నుండవలెను. స్వాతి, విశాఖలు గాలివానల కాలము, కప్పుకట్లను బిగింపవలెను.

2024 సెప్టెంబరులో బుడమేఱు పొంగి విజయవాడలోని పేటలను ముంచిన పిదప ఆ నీరు కొల్లేటికి చేరినది. లంక గ్రామముల రోడ్లు మునిగినవి. అట్టి దినమున రోగిని ఒడ్డు చేర్చునది దోనెయే. ఆనాడు దోనెను బాగుచేయబూనుట ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటయే యగును.

సంఘము చేయదగినది

1904వ సంవత్సరపు సహకార చట్టము అప్పులిచ్చు సంఘములను మాత్రమే ఉద్దేశించినది. 1912వ సంవత్సరపు చట్టము తక్కిన పనులకును ద్వారము తెఱచినది. నూఱేండ్లు గడచినను పెక్కు గ్రామములలో సంఘమనగా అప్పును ఎరువును అను తలంపే నిలిచియున్నది. ఒక జాకీ, ఒక గ్రీజుగన్ను, బేరింగు లాగు పనిముట్టు, తారు కాచు పాత్ర, ఒక రెసిను డబ్బా ప్రతి రైతు కొననక్కఱలేదు. సంఘమునకు ఒక్క జత చాలును. తారును, గ్రీజును, మెఱుపు పట్టీలను టోకున తెచ్చి పంచినచో ధరయు తగ్గును, సరకును నమ్మకమైనదగును. మాఘమాసమున ఒక ఆదివారము రేవునొద్ద సభ్యులు తమ దోనెలను, ట్రక్కులను తెచ్చి, పనితెలిసిన ఒక వడ్రంగి, ఒక మెకానిక్కు ఎదుట పరీక్షించుకొనవచ్చును. ఆనాడే నీటికి తగిన దోనెలెన్ని, అవి యెవరివి అను పట్టీని వ్రాసి సంఘ కార్యాలయపు గోడకు తగిలించినచో వరదనాడు వెదకు పని యుండదు.

పని చిన్నది, ఒక దబ్బనము, ఒక సుత్తి, ఒక పూట తీరిక చాలును. ఈ సంచిక అందిన వారమున ప్రతి సభ్యుడును తన నిట్రాడ మొదటను, దోనె నీటిగీతను, ట్రక్కు హబ్బును ఒక్కసారి పరీక్షించి చూడగోరుచున్నాము. దబ్బనము దిగబడినచోట గుర్తు పెట్టుడు. మరమ్మతు అక్కడనుండి మొదలుపెట్టవలెను.